చెన్నపురి పాతపేటలు: దర్శనీయ స్థలములు, వీథినామములు

చెన్నపురిలో సెంట్రల్ స్టేషనున దిగిన ఆంధ్రయాత్రికుడు సాధారణముగా దక్షిణమునకో పడమరకో పోవును. మెరీనా తీరము, తిరువళ్లిక్కేణి పార్థసారథి సన్నిధి, మైలాపురి కపాలీశ్వరాలయము, ఎగ్మూరు మ్యూజియము చూచుటతో ఆతని నగరదర్శనము ముగియును. స్టేషనునకు ఈశాన్యమున సమీపముననే యున్న జార్జిటౌను భాగమునకు పోయినను అది సరకులు కొనుటకే. చరిత్రాసక్తి గలవాడైనచో ఎఱ్ఱని హైకోర్టు భవనమును, దానిపైనున్న దీపగోపురమును చూచి, బాగున్నదని మరలివచ్చును. మన పరిశోధక విద్యార్థులును ఇందుకు భిన్నులు కారు. చెన్నపురి తెలుగువారి చరిత్రకై గ్రంథాలయములలో సంవత్సరములు గడపినవారు ఈ వీథులలో ఒక్క పూట నడువక పోవుట నాకు వింతగా తోచును. ఇచ్చట కంటికి కనబడు కట్టడములు కొన్ని. కట్టడము పోయి పేరు మాత్రము మిగిలిన స్థలములు అంతకంటె ఎక్కువ. ఈ రెండవ తెగను చదువుట నేర్వనిచో మొదటి తెగను చూచియు తప్పుగా గ్రహింతుము.

ఆరంభము అందఱెరిగినదే. 1639లో ఈస్టిండియా కంపెనీ పక్షమున ఫ్రాన్సిస్ డే, దామర్ల వెంకటాద్రి నాయకునివలన ఈ తీరభూమిని పొందెను. వెంకటాద్రి తండ్రి చెన్నప్ప నాయకుని పేరనే చెన్నపట్టణ మేర్పడినది. తెలుగు శాఖలకు ఇందు ప్రత్యేకమైన ఆసక్తి కలదు. ఈ కుటుంబమునకే చెందిన దామర్ల అంకభూపాలుడు తన ఉషాపరిణయ కావ్యమును తండ్రియైన చెన్నప్పకు అంకితమిచ్చుచు, తన సోదరుడైన అయ్యప్ప తండ్రి పేర పట్టణము కట్టించినట్లు, ప్రళయకావేరి డచ్చివారికిని శాంతోము పోర్చుగీసువారికిని నడుమ కలహములు మాన్పుట అందు ఉద్దేశమైనట్లు చెప్పినాడు. కంపెనీ దస్తరములు భూమిని ఇచ్చిన సంగతిని చెప్పును. ఇచ్చినవారి ఆలోచన ఏమో చెప్పునది తెలుగు కావ్యము. నగరచరిత్ర వ్రాసిన ఆంగ్లేయులు మొదటిదానినే విశేషముగా వాడుకొనిరి. రెండవదానిని వాడుకొనవలసిన బాధ్యత మనది.

కోటకు ఉత్తరమున నేతగాండ్రు, అద్దకపువారు, వర్తకులు, దుబాసులు నివసించిన భాగమును ఆంగ్లేయులు నల్లపట్టణ మనిరి. నేడు జార్జిటౌను అనబడు ప్రదేశమే ఆ నల్లపట్టణమని పెక్కురు భావింతురు. ఇది సరికాదు. మొదటి నల్లపట్టణము కోటగోడకు ఎదుటనే, నేడు హైకోర్టును పాత న్యాయకళాశాల భవనమును ఉన్న నేలపై నుండెడిది. దాని నడుమ చెన్నకేశవస్వామి ఆలయ ముండెడిది. 1646, 1648 సంవత్సరముల దానపత్రములలో ఆ దేవాలయ ప్రసక్తి కలదు. 1746లో ఫ్రెంచివారు నగరమును పట్టుకొని కోటకు అడ్డమని నల్లపట్టణమున కొంతభాగమును పడగొట్టిరి. 1749లో నగరము తిరిగి తమకు దక్కిన పిమ్మట ఆంగ్లేయులు అదే కారణము చెప్పి మిగిలినదానిని కూల్చివేసిరి. 1757లో దేవాలయమును పోయినది. మరుసటి యేటి చివర లాలీ కోటను ముట్టడించినప్పుడు ఎదుటనున్నది బయలు నేల.

హైకోర్టు ఆవరణమున నిలిచిన యాత్రికునకు ఈ సంగతి చెప్పు గుర్తు ఏదియు కనబడదు. 1844 నాటి డోరిక్ స్తంభరూపమైన పాత దీపగృహము కలదు. 1892లో పూర్తియైన భవనము కలదు. దాని గోపురము 1894 నుండి 1977 వరకు నావికులకు దీపస్తంభమైనది. 1914 సెప్టెంబరు 22వ తేదీ రాత్రి ఎండెన్ నౌక కురిపించిన గుండ్లకు గుర్తుగా ఒక ఫలకము కలదు. ప్రక్కనున్న న్యాయకళాశాల ఆవరణమున పాత ఆంగ్లేయ శ్మశానపు శేషముగా గవర్నరు ఎలిహు యేల్ కుమారునికిని, ఆతని మిత్రుడు జోసఫ్ హిన్మర్సునకును కట్టిన సమాధి నిలిచియున్నది. ఒకే నేలపై పరదేశీయుని గోరి మిగిలి, పురదేవుని గుడి అదృశ్యమైనది. ఏది దర్శనీయమో నిర్ణయించునది కాలము ఒక్కటే కాదనుటకు ఇంతకంటె వేరు నిదర్శన మక్కరలేదు.

చెన్నకేశవునకు క్రొత్తగుడి 1760వ దశకమున లేచినది. పూలబజారు దాపున దేవరాజ మొదలి వీథిలో చెన్నకేశవ, చెన్నమల్లేశ్వరుల ఆలయములు ప్రక్కప్రక్కన నున్నవి. తమిళులు వీనిని పట్టణపు కోవెల యందురు. కంపెనీ స్థలమును కొంత ధనమును ఇచ్చినది. గవర్నరు పిగట్టు దుబాసియైన మణలి ముత్తుకృష్ణ మొదలి పెద్ద మొత్తమున విరాళమిచ్చి పనిని నడిపించెను. అరుణాచలకవి రామనాటకమును పోషించినవాడును ఆతడే. దారి చూపువారు ఈ గుడి నగరమంత పాతదని చెప్పుదురు. ఈ మాట దేవుని విషయమున ఒప్పు, రాతి విషయమున తప్పు. సంస్థ 17వ శతాబ్దిది, కట్టడము 18వ శతాబ్దిది. శిల్పమును బట్టి కాలనిర్ణయము చేయబోవు విద్యార్థి ఈ భేదమును మరచినచో చిక్కులో పడును. ఆలయపు గోపురమును పూలదండల అంగళ్ల గుంపులో నుండి తలయెత్తి వెదకికొనవలసిన స్థితి. అయినను జార్జిటౌనులో మొదట చూడదగినది ఇదియే యని నా అభిప్రాయము.

కోటకును క్రొత్త పట్టణమునకును నడుమ ఇండ్లు కట్టకూడని మేరను తెలుపుటకు 1773లో కంపెనీ హద్దుస్తంభములు పాతించినది. వానిలో ఒకటి పారీ మూలయందలి డేర్ హౌసువద్ద నేటికిని ఉన్నది. దినమునకు వేలకొలది జనులు దాని ముందునుండి పోవుచున్నను ఆగి చూచువారు అరుదు. ఉత్తర పశ్చిమములందు రక్షణగా గోడ కట్టుటకు, హైదరాలీ దండయాత్రల భయముచే, 1769లో పాల్ బెన్ఫీల్డు గుత్త తీసికొనెను. ఆ గోడ ముక్క ఒకటి పాతజైలు రోడ్డున మిగిలినది. దానిపైని చిన్న తోటను తమిళులు మాడిపూంగా, అనగా మేడతోట, అందురు. గోడ ఖర్చునకై పురజనులపై పన్ను వేయదలచిరి గాని, అట్టి అధికారము తమకు కలదా యను సందేహముచే అది వసూలు కాలేదు. పడమటి రస్తాకు మాత్రము వాల్ టాక్స్ రోడ్డు అను పేరు స్థిరపడినది. వసూలు కాని పన్నునకు వీథి యొకటి స్మారకమైనది! వీథినామము జరిగిన సంగతికే కాక జరుపదలచిన సంగతికిని సాక్షి కాగలదని పరిశోధకుడు గుర్తుంచుకొనవలెను.

క్రొత్త పట్టణము రెండు పేటల కూడలి. పడమట పెద్దనాయకునిపేట, తూర్పున ముత్యాలపేట. పట్టణపు కావలి పెత్తనమును వంశపారంపర్యముగా వహించిన పెద్దనాయకుని పేర మొదటి దేర్పడినది. కుడిచేతి కులములు, ఎడమచేతి కులములు అను కక్షల తగవు ఈ పట్టణమును పుట్టినది మొదలు పీడించినది. 1652లోనే వీథులు పంచవలసివచ్చెను. 1707లో గవర్నరు పిట్టు కాలమున అది మరల ప్రబలగా కుడిచేతివారికి పెద్దనాయకునిపేట, ఎడమచేతివారికి ముత్యాలపేట అను విభాగము గట్టిపడినది. కోమట్లు, బలిజలు మొదటి కక్ష. బేరిశెట్లు, కమ్మరి కంసాలి మొదలగు పంచాణమువారు రెండవ కక్ష. పెద్దనాయకునిపేటలోని కొత్వాలు చావడి వద్ద కోమట్ల కన్యకాపరమేశ్వరి ఆలయమును, ముత్యాలపేటలోని తంబుశెట్టి వీథిలో విశ్వకర్ములు కొలుచు కాళికాంబ ఆలయమును చూచినవారికి ఈ పాత సరిహద్దు కొంత తెలియును. కాని దీనిని నియమముగా పాటింపరాదు. బేరిశెట్ల కందస్వామి కోవెల రాసప్పశెట్టి వీథిలో, అనగా పెద్దనాయకునిపేట వైపుననే, యున్నది.

కాళికాంబను ఛత్రపతి శివాజీ 1677 అక్టోబరులో దర్శించెనని ఆలయ సంప్రదాయము. ఆ యేడు ఆతడు చెన్నపట్టణమునకు దాపునకు వచ్చినట్లును, విషమునకు విరుగుడైన మందులు పంపుమని కంపెనీవారికి జాబు వ్రాసినట్లును, వారు వెల తీసికొనకయే పంపినట్లును దస్తరములు చెప్పుచున్నవి. జాబు దస్తరపు సాక్ష్యము, దర్శనము ఆలయపు సాక్ష్యము. ఒకటి రెండవదానిని ఋజువు చేయదు, కొట్టివేయదు. రెంటిని వేర్వేరుగా వ్రాయుటయే తగినది.

ఇక వీథుల పేర్లు. తంబుశెట్టి, లింగిశెట్టి, సుంకురామశెట్టి, గోవిందప్ప నాయకుడు, నైనియప్ప నాయకుడు, అంగప్ప నాయకుడు. తంబుశెట్టియు సుంకు రామశెట్టియు 18వ శతాబ్ది పూర్వభాగమున కంపెనీకి ప్రధాన వర్తకులు. ఇట్టి పేర్లను చూచి అన్నియు తెలుగువారివే యని సంతోషించుట మన వ్యాసములలో తరచు కనబడు లోపము. శెట్టి యను మాట భాషను నిర్ణయింపదు. బేరిశెట్లలో తమిళులు కలరు. నాయకశబ్దమును అట్టిదే. ఇంతకంటె గట్టి గుర్తు ఇంటిపేరు ముందుండుట. సుంకు రాముడు, ఏనుగుల వీరాస్వామి, గాజుల లక్ష్మీనరసు, దామర్ల వెంకటాద్రి అను పేర్లలో ఈ తెలుగు మర్యాద స్పష్టము. బేరి తిమ్మన్న విషయమున బేరి యనునది ఇంటిపేరో వర్తకవాచకమో యని తడవుకొనవలసియున్నది. ఆంగ్లేయుల వ్రాతలు వేరొక చిక్కు. 1680లో మరణించిన ప్రధాన వర్తకుడు కాశీవీరన్న వారి దస్తరములలో కాసా వెరోనా యైనాడు. చూచినవారు ఇటలీ వాడనుకొందురు! అట్లని నేటి కాశీశెట్టి వీథిని ఆతనికి ముడిపెట్టరాదు. పేరుల పోలిక ఒక్కటి ఆధారము కాజాలదు. ఆర్మీనియను వీథికి అట్టి సందేహము లేదు. 1772 నాటి వారి చర్చి అందే యున్నది. పగడపు వర్తకుల వీథి పేరు సరకుతోనే తన కథ చెప్పును. చైనా బజారున ఏథెన్సు దేవాలయము నమూనాగా 1850 నాటికి లేచిన పచ్చయప్ప మందిరము చూడదగినదే గాని ప్రస్తుత విషయమునకు దూరము.

రెండు పేటల నడుమ పల్లపునేలను పూడ్చి స్టీఫెన్ పోపాము 18వ శతాబ్ది చివర వేయించిన రస్తా బ్రాడ్వే. ఇప్పుడది ప్రకాశం రోడ్డు. సైమను సంఘము బొంబాయిలో దిగిన 1928 ఫిబ్రవరి 3వ తేదీన ఈ రస్తా మొదటనే, పారీ మూల ప్రాంతమున, టంగుటూరి ప్రకాశము తుపాకుల యెదుట రొమ్ము చూపినాడు. పేరు మార్పులన్నిటిలో స్థలమునకు ఇంతగా తగినది మఱి యొకటి నాకు కనబడలేదు.

సుప్రీముకోర్టు దుబాసియై 1830 మే నెలలో కాశీయాత్రకు బయలుదేరిన ఏనుగుల వీరాస్వామి పనిచేసిన భవనమును చూడగోరువారికి మాత్రము నిరాశయే. ఆ కోర్టు సముద్రతీరపు వీథిలోని బెంటింక్ భవనమున నుండెడిది; ఆ భవనము 20వ శతాబ్ది చివర నేలమట్టమైనది, ఆ చోట సింగారవేలర్ మాళిగ లేచినది. వీరాస్వామి తన గ్రంథమున చెన్నపట్టణ వృత్తాంతమును కూడ చేర్చెను గనుక, ఆ పుటలు చేతబట్టి ఈ వీథులలో నడచుట మేలు. ముత్యాలపేట బందరు వీథి సంగతియు ఇట్టిదే. త్యాగరాజు చెన్నపురికి వచ్చినప్పుడు ఆదరించిన కోవూరు సుందరేశ మొదలి ఇల్లు అందుండెడిది. కోవూరు పంచరత్నములు ఆ పరిచయపు ఫలము. త్యాగరాజ శిష్యుడు వీణ కుప్పయ్యరు నివాసమును ముత్యాలపేటయే. నేడు అచ్చట వినబడునది బండ్ల మ్రోత.

కొత్వాలు చావడి కూరగాయల అంగడి 1996లో కోయంబేడునకు తరలిపోయినది. అంగడి పోయినను ఆ పేరు నిలిచినది. ఇతర పేర్లకు అట్టి భాగ్యము కలుగునో లేదో. వీథుల పేర్ల నుండి కులవాచకములను తీసివేయు యత్నము 1970వ దశకము చివర ప్రభుత్వము చేసినది. 2025లో మరల అట్టి ఉత్తరువు వెలువడినది. ఉద్దేశము మంచిదే, దానిని ఆక్షేపింపను. కాని శెట్టియు నాయకుడును పోయిన పిమ్మట తంబు, లింగి, అంగప్ప అను శకలములనుబట్టి ఎవరిది ఏ పేటయో, ఏ కక్షయో తేల్చుట రాబోవు పరిశోధకునకు దుస్సాధ్యమగును. పలక మార్చుటకు ముందు పాత పేరును, దాని తెలుగు తమిళ ఉచ్చారణములను, ఇండ్ల దస్తావేజులలోని రూపములను వ్రాసికొని భద్రపరచవలెను. ఇది ప్రభుత్వము చేయునంత వరకు వేచియుండుట మనకు తగదు. ఇద్దరు విద్యార్థులు ఒక వేసవి సెలవులలో చేయగల పని. ఆదివారము ఉదయము చాలవఱకు అంగళ్లు మూసియుండును గనుక నడచుటకు అదియే అనుకూలమైన వేళ. దేవరాజ మొదలి వీథిలో మొదలిడి గోవిందప్ప నాయకుని వీథి మీదుగా ఉత్తరమున గోడముక్క వఱకు పోవచ్చును. దుకాణముల పేరుపలకలపైనను బిల్లులపైనను పాతరూపములు ఇంకను నిలిచియున్నవి.