చెరువు కట్ట మీద ఇద్దరు చీనా గురువులు

చీనా అనగానే మనకు పింగాణీ కప్పులూ, తేయాకూ, చవక బొమ్మలూ గుర్తొస్తాయి. ఆ దేశపు అసలు సరుకు వేరే ఉంది. అది రెండున్నర వేల ఏళ్లనాటి ఇద్దరు పెద్దమనుషుల ఆలోచన. ఒకాయన కన్‌ఫ్యూషియస్. క్రీస్తుపూర్వం 551లో పుట్టి 479లో పోయాడు. రెండో ఆయన లావోత్సే. ఈయన పుట్టుపూర్వోత్తరాలు కథల్లో కలిసిపోయాయి. రాజుగారి గ్రంథాలయంలో ఉద్యోగం చేసేవాడనీ, కన్‌ఫ్యూషియస్ ఓసారి వెళ్లి కలిశాడనీ సిమా చియెన్ అనే చీనా చరిత్రకారుడు రాశాడు.

ఇద్దరికీ చుక్కెదురని లోకం అనుకుంటుంది. కన్‌ఫ్యూషియస్‌ది ఇంటి పెద్దకొడుకు ధోరణి. తండ్రి తండ్రిలా, కొడుకు కొడుకులా, రాజు రాజులా మసలుకోవాలి, పేరుకు తగ్గ పని ఉండాలి అంటాడు. లావోత్సేది అన్నీ చూసిన తాత ధోరణి. దేనికీ బలవంతం పనికిరాదు, నీళ్లను చూసి నేర్చుకోండి, పల్లానికి పోతూనే అవి బండను అరగదీస్తాయి అంటాడు.

వీళ్లకూ మన హుస్నాబాద్‌కూ ఏం సంబంధం అంటారా? బంధుత్వం లేదుగానీ, ఇద్దరి మాటా ఒకేచోట చూడాలంటే ఇక్కడి చెరువు కట్ట ఎక్కితే చాలు.

ఇది మెట్ట ప్రాంతం. వాన పడ్డప్పుడు పట్టుకోవాలి, లేకపోతే లేదు. అందుకే కాకతీయుల కాలంలో ఈ తెలంగాణ నేలంతా గొలుసుకట్టు చెరువులు వెలిశాయి. పై చెరువు నిండితే మత్తడి దూకి కింది చెరువుకు పోతుంది. కోస్తావాళ్లు దాన్నే అలుగు అంటారు. కట్ట ఎంత ముఖ్యమో మత్తడీ అంతే ముఖ్యం. మిగులును వదలడం తెలియని చెరువు మొదటి పెద్దవానకే తెగుతుంది. అంచుదాకా నింపుకోవాలన్న ఆశే చేటు అని లావోత్సే చెప్పింది ఇదే కదూ!

మరి కన్‌ఫ్యూషియస్ ఎక్కడున్నాడు? తూము దగ్గర నిలబడ్డ నీరటిలో ఉన్నాడు. వంతు ప్రకారం ఏ మడికి ఎంత నీరో చూసేది ఆయనే. పైవాడు తన వంతు కాగానే మడవ మూస్తేనే ఆయకట్టు చివరివాడికి అన్నం. మనకు అక్కర్లేనిది ఎదుటివాడికి చేయకపోవడమే కన్‌ఫ్యూషియస్ ధర్మసారం. చెరువు తవ్వించడాన్ని సప్తసంతానాల్లో ఒకటిగా లెక్కపెట్టారు మన పెద్దలు. కన్నకొడుకును చూసుకున్నట్టు చూసుకోవాలనే కాబోలు.

చీనాలోనూ ఇలాంటి సాక్ష్యం ఉంది. క్రీస్తుపూర్వం 256 ప్రాంతంలో లీ బింగ్ అనే అధికారి సిచువాన్‌లో మిన్ నదిని అడ్డంగా కట్టేయకుండా రెండు పాయలుగా చీల్చి పొలాలకు మళ్లించాడు. దుజియాంగ్యాన్ అనే ఆ ఏర్పాటు నేటికీ పనిచేస్తోంది. పూడిక లోతుగా తీయాలి, గట్టు ఎత్తు పెంచకూడదు అన్నది అక్కడి పాత నియమం. నదితో పోట్లాడకపోవడం లావోత్సే బుద్ధి. ఏటేటా పూడిక తీయడం కన్‌ఫ్యూషియస్ శ్రద్ధ.

మన సంగతి చూడండి. బోర్లు వచ్చాక ఎవరి నీళ్లు వారివైపోయాయి, నీరటి మాట వినేవాడు తగ్గాడు. 2015లో మిషన్ కాకతీయ పేరున పూడికతీత మొదలుపెట్టి, పూడికమట్టిని పొలాలకు తోలారు. మంచి పనే. కానీ రాష్ట్రంలో ఎన్నో పట్నాల అంచున కాగితం మీద శిఖం భూమి, నేల మీద ఇళ్ల ప్లాటు. పేరొకటి, పని ఒకటి. ముందు పేర్లు సరిచేయండని కన్‌ఫ్యూషియస్ ఎందుకు మొత్తుకున్నాడో అక్కడ తెలుస్తుంది. వానాకాలంలో నీళ్లు తమ పాత చోటు వెతుక్కుంటూ వస్తే వాటిని తప్పుపట్టి ఏం లాభం?

హుస్నాబాద్ పక్కనే గౌరవెల్లి జలాశయం ఉంది. మొదట 1.41 టీఎంసీలు అనుకున్నది, తెలంగాణ వచ్చాక 8.23కు పెంచారు. కరువు ప్రాంతానికి నీళ్లు ఎవరు వద్దంటారు? అయితే ఆ నీటికోసం గుడాటిపల్లివాళ్లు ఊరు వదులుకోవాల్సి వచ్చింది. పునరావాసం అన్న పేరుకు తగ్గ పని జరిగిందా అన్నదే పాలకుడికి కన్‌ఫ్యూషియస్ పెట్టే పరీక్ష. ఎత్తిపోసిన నీటిని మళ్లీ పల్లానికి, చివరి మడిదాకా పోనిచ్చామా అన్నది లావోత్సే ప్రశ్న.

ఇంటి సంగతీ ఇంతే. జీతం, పిల్లల మార్కులు, ఫోనులో కబుర్లు, అన్నింటికీ కట్ట ఎత్తు పెంచుకుంటూ పోతున్నాం. మత్తడి ఎక్కడ పెట్టామో మరిచాం. చదివి చదివి అలిసిన పిల్లవాడు కాసేపు ఊరికే కూర్చుంటే అది సోమరితనం కాదు, మత్తడి దూకడం. అట్లాగని వంతు ఎగ్గొట్టడానికి లావోత్సేను సాకుగా తెచ్చుకుంటే కుదరదు. ముసలి తల్లికి వేళకు మందివ్వడం, పక్కింటివాడి దారి వదలడం నీరటి పనుల్లాంటివి. ఎవరో ఒకరు పూనుకోవాల్సిందే.

కట్ట గట్టిగా ఉండాలి, మత్తడి తెరిచి ఉండాలి. ఏ ఒక్కటి లేకపోయినా చెరువు మిగలదు.