ఆచార్య సూరి భగవంతముగారు - వాల్తేరు విజ్ఞానశాల

విశాఖపట్టణపు పూర్ణా మార్కెట్టులో క్రయవిక్రయములు సాగించు మన సంఘ సభ్యులు తమ బిడ్డల చదువుసంధ్యలను గూర్చి మాటలాడునపుడు, "భౌతికశాస్త్రము చదివినవానికి బ్రతుకుతెరు వేది?" యని తఱచుగ నడుగుచుందురు. ప్రశ్న సహజమైనదే. ఇందులకు మేము నీతివాక్యములతో గాక, ఆ మార్కెట్టునకు కొలది మైళ్ళ దూరమున నున్న వాల్తేరు మెట్టపై జరిగిన చరిత్రతో బదులు చెప్పదలచితిమి.

సూరి భగవంతముగారు 1909వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీన కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో జన్మించిరి. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, 1928లో కలకత్తా చేరి సి. వి. రామన్ గారికి శిష్యులైరి. రామన్ ఫలితము లోకమునకు వెల్లడియైనది ఆ సంవత్సరము ఫిబ్రవరిలోనే. వస్తువుపై బడిన కాంతిలో కొంతభాగము, అందలి అణువుల కంపనములను బట్టి రంగు మార్చుకొని వెలువడుననుటయే దాని సారము. కాంతికణమునకు స్పిన్ అను ఆత్మభ్రమణము కలదనుటకు ప్రయోగపూర్వకమగు నిదర్శనమును 1931లో గురుశిష్యులు కలసి ప్రకటించిరి. అప్పటికి శిష్యుని వయస్సు ఇరువదిరెండేండ్లకు మించదు.

1932లో వాల్తేరున ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు శాస్త్రకళాశాల యేర్పడెను. జయపురాధీశులు విక్రమదేవవర్మగారు ఏటేట లక్ష రూపాయలు విరాళమొసగుటచే దానికి వారి పేరే పెట్టబడినది. ఆ యేడే భగవంతముగారు అచట ఉపన్యాసకులుగ చేరి, 1938లో, ఇరువదియెనిమిదవ యేటనే, ఆచార్యపదవి నందిరి.

వారికి గణితశాస్త్రజ్ఞులగు టి. వెంకటరాయుడుగారి తోడ్పాటు లభించినది. స్ఫటికమునందలి అమరికలోని సౌష్ఠవమును గణితముచే పరిశీలించి, ఏ కంపనములు రామన్ వర్ణపటమున గానవచ్చునో, ఏవి గానరావో ముందుగనే తెలుపు పద్ధతిని వీరిరువురు 1939లో ప్రకటించిరి. ఈ గణితమును వివరించు వారి గ్రంథమును 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయమే ప్రచురించినది. స్ఫటికములను పరిశోధించువారు నేటికిని ఆ పద్ధతి నుపయోగించుచున్నారు.

ఇంతలో యుద్ధము వచ్చినది. 1942 ఏప్రిల్ 6న జపానువారు విశాఖపై బాంబులు వేసిరి. విశ్వవిద్యాలయము గుంటూరునకు తరలిపోయెను. అట్టి కష్టకాలమునను పరిశోధన ఆగలేదు. గోలకొండ వజ్రముల కీర్తి మనమందఱ మెఱిగినదే; కాని వజ్రము ఒత్తిడికి ఏమేరకు లొంగునో కొలుచుట సులభము కాదు, ఏలయన దొరకు రాళ్ళు మిక్కిలి చిన్నవి. ఒకవైపు దళసరిగను, రెండవవైపు పలుచగను చెక్కిన క్వార్ట్జు పలకతో, చెవికి వినరాని ధ్వనితరంగములను పుట్టించి, చిన్న రాతి ముక్కలనైనను పరీక్షింపగల ఉపాయమును భగవంతముగారు, జె. భీమసేనాచార్ గారు కనుగొని, వజ్రపు స్థితిస్థాపకతను నిర్ణయించి 1944లో వెల్లడించిరి. దీనికి కావలసినది గొప్ప ధనరాశి కాదు. ఓపికయు, యుక్తియు మాత్రమే.

తరువాత వారు 1948లో లండనులో శాస్త్రవిషయక ప్రతినిధిగను, 1952 మొదలు 1957 వఱకు ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగను, 1957 మొదలు 1962 వఱకు బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సునకు డైరెక్టరుగను, 1961 మొదలు 1969 వఱకు రక్షణమంత్రికి శాస్త్రసలహాదారుగను పనిచేసి, 1989లో కీర్తిశేషులైరి. బ్రతుకుతెరు వేదియను ప్రశ్నకు ఇదియొక సమాధానము.

అయినను చదివినవారెల్లరు భగవంతములు కారని మేమెఱుగుదుము. మేము చూపదలచిన దొక్కటే: దాత ధనము, విద్యాలయపు నీడ, తోడివారి సహకారము, విద్యార్థి శ్రమ - ఈ నాలుగును మన పట్టణముననే కలసినపుడు లోకము మెచ్చు పని జరిగినది. కావున మన సంఘపు విద్యానిధిలో కొంతభాగమును, వెంటనే ఉద్యోగమునకు దారితీయు చదువులకే గాక, మూలశాస్త్రములయందు పరిశోధన చేయబూను బాలబాలికలకును ప్రత్యేకింపవలయునని ఈ మహాసభవారిని కోరుచున్నాము. దుకాణపు లెక్క ఏడాదికి తేలును. చదువు లెక్క తేలుటకు ఒక తరము పట్టును. అంతవఱకు ఓపిక పట్టగల సంఘమే వృద్ధినొందును.