మానుకోట మిరప, చీనా కుండ

"హాట్‌పాట్ భోజనానికి రండి" అని ఫోను చేసినప్పుడు మానుకోట నుంచి మా మేనమామ వేసిన మొదటి ప్రశ్న ఇది: "గదేంది అల్లుడా, చపాతీలు పెట్టుకునే డబ్బనా?"

ఆయన తప్పేమీ లేదు. మన ఇళ్ళలో ఆ పేరు వేడి చెడకుండా చపాతీలు దాచుకొనే డబ్బాకే స్థిరపడిపోయింది. నేను పిలిచింది మాత్రం చైనావారి 'హువో గువో'కు. హువో అంటే నిప్పు, గువో అంటే వంటపాత్ర. బల్ల నడుమ పొయ్యి, పొయ్యి మీద మరుగుతున్న పులుసు, చుట్టూ కూర్చున్నవారు పలుచని మాంసపు తునకలనూ ఆకుకూరలనూ అందులో ముంచి, ఉడికించుకొని తినడం. ఆ భోజనం స్వరూపం ఇంతే.

జనగామలో ఉండి ఇటువంటి విందు తలపెట్టడానికి కారణం కూడా మా మామే. మహబూబాబాద్ జిల్లాలో ఆయన చాలా ఏళ్ళుగా తేజ రకం మిరప వేస్తున్నాడు. ఒకనాడు కల్లంలో ఎండుతున్న కాయలను తిరగేస్తూ ఆయన అడిగాడు: "మన కాయ చైనాకు పోతదంటరు. గంత కారం వాళ్ళేం జేస్కుంటరు?" అప్పుడు నా వద్ద సమాధానం లేదు. పండించినవానికి తన పంట ఏ పాత్రలో పడుతుందో తెలియకపోవడం నన్ను చాలాకాలం బాధించింది. ఆ ప్రశ్న వెంట వెళ్ళి చదువుకొన్నదే ఈ వ్యాసం.

ముందుగా మిరప సంగతి. ఇప్పుడు జనగామ జిల్లాలో ఉన్న పాలకుర్తి, పాల్కురికి సోమనాథుని ఊరు. కాకతీయుల కాలపు ఆ మహాకవి విస్తట్లో మిరపకాయ ఉండే అవకాశమే లేదు. అప్పటికి అది అమెరికా ఖండాలు దాటి రాలేదు. కారమంటే మిరియాలు, పిప్పళ్ళు, అల్లం. క్రీ.శ. 1244-45లో కాకతి గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనంలో సరకుల వారీగా సుంకాలు పేర్కొన్నారు. అందులో మిరియాలున్నాయి, చీనీ కర్పూరమూ ఉంది. అంటే ఓరుగల్లు ఏలుబడిలోని జనానికి చైనా సరకు ఆనాడే ఎరుక; మిరపకాయ మాత్రం ఎరుగరు.

1498లో వాస్కో డ గామా కోళికోడు చేరాడు. 1510లో గోవా పోర్చుగీసుల వశమైంది. ఆ శతాబ్దంలోనే వారి ఓడల వెంట మిరప మన దేశానికి వచ్చింది. మిరియపు ఘాటును తలపించిన ఈ కొత్త కాయను మనవారు మిరియం పేరుతోనే పిలుచుకొన్నారు. మిరపకాయ అన్న మాటలో ఆ పోలిక ఇప్పటికీ వినబడుతుంది. చైనాలోనూ ఇదే జరిగింది. 1591లో గావ్ లియన్ అనే రచయిత తన గ్రంథంలో దీనిని 'ఫాన్ జియావ్', అనగా పరదేశపు మిరియమని పేర్కొన్నాడు. అయితే ఆయన దృష్టిలో అది తినే వస్తువు కాదు, ఎర్రని కాయలతో కంటికి ఇంపైన పెరటి మొక్క. రెండు దేశాలకూ పరాయిదైన ఒక కాయ, రెండు చోట్లా మిరియం చాటున ఇంట్లోకి ప్రవేశించింది.

పెరటి నుంచి వంటింటికి అది చేరిన తీరు ఇంకా ఆలోచింపజేస్తుంది. నైరుతి చైనాలోని గుయ్‌జౌ కొండ ప్రాంతంలో ఉప్పు దొరకడం కష్టం. దొరికినా పేదలు కొనలేరు. 1720ల నాటి అక్కడి స్థానిక చరిత్రలలో, జనం ఉప్పుకు బదులు మిరప వాడుతున్నారన్న ప్రస్తావన కనిపిస్తుంది. చప్పిడి తిండిని గొంతు దింపడానికి పేదవాడు పట్టుకొన్న ఆధారమది. ఈ వాక్యం చదివినప్పుడు నాకు మా తాతల కాలపు భోజనమే కళ్ళ ముందు మెదిలింది. జొన్న గట్క, ఉల్లిగడ్డ, ఇంత గొడ్డుకారం. కూర లేని పూట కారమే కూర. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన తరువాత సాయుధ పోరాటం రగిలినప్పుడు, ఈ పల్లెల స్త్రీలు దొరల గూండాలను ఎదుర్కోవడానికి పట్టుకొన్నవి రోకళ్ళు, కారంపొడి. ఇంట్లో మరే ఆయుధమూ లేనివారి ఇంట్లో కూడా అవి రెండూ ఉండేవి.

ఇక కుండ సంగతి. అది మిరప కంటె చాలా పాతది. చైనాలోని నాన్‌చాంగ్ సమీపంలో 2011లో తవ్వకాలు మొదలైన హైహున్ ప్రభువు సమాధిలో, అడుగున బొగ్గులు పెట్టుకొనే వీలున్న కంచు పాత్ర ఒకటి బయటపడింది. ఆ ప్రభువు క్రీ.పూ. 59లో మరణించాడు. పదమూడవ శతాబ్దపు రచయిత లిన్ హోంగ్, మంచు కురిసిన వూయీ కొండల్లో తాను తిన్న కుందేటి మాంసపు విందును వర్ణించాడు. పలుచగా కోసిన మాంసాన్ని బల్ల మీది పొయ్యిపై మరుగుతున్న నీటిలో ఎవరికి వారు ముంచుకొని తిన్నారట. మోటుపల్లి శాసనమూ, ఈ విందూ ఒకే శతాబ్దానివి.

తరువాత అది రాజుల బల్ల ఎక్కింది. 1796లో చియన్‌లోంగ్ చక్రవర్తి సింహాసనాన్ని కుమారునికి అప్పగించిన సందర్భంలో వేలాది వృద్ధులకు జరిగిన విందులో సుమారు 1550 హాట్‌పాట్‌లు పెట్టారని చెబుతారు. దీనిని మెచ్చనివారూ ఉన్నారు. 1792లో ప్రచురితమైన తన పాకగ్రంథంలో యువాన్ మెయ్ అనే కవి, అతిథుల ముందు గిన్నె కుతకుతలాడడమే ఒక రోత అన్నాడు. ఒక్కో పదార్థానికి ఒక్కో మంట కావాలి, అన్నిటినీ ఒకే పులుసులో ఉడికిస్తే రుచి ఎక్కడ మిగులుతుందని ఆయన ఆక్షేపణ. వంట తెలిసినవాని మాటే అది, కొట్టిపారేయలేము.

ఈ పాత కుండలో మిరప వచ్చి చేరింది యాంగ్‌ట్సీ నదీతీరంలోని చోంగ్‌చింగ్ నగరంలో. పందొమ్మిదవ శతాబ్దం చివర, ఇరవయ్యవ శతాబ్దం మొదట్లో, అక్కడి రేవుల్లో పడవలవాళ్ళూ, బరువులు మోసే కూలీలూ, సంపన్నులు తినని పశువుల పేగులూ పొట్టభాగాలూ చవకగా తెచ్చుకొని, నీచువాసన పోయేటట్లు మిరప దండిగా వేసిన కొవ్వు పులుసులో ఉడికించుకొనేవారని చెబుతారు. గిన్నెలో తొమ్మిది గడుల చట్రం ఒకటి ఉండేది. ముక్కూమొహం తెలియని తొమ్మిదిమంది ఒకే గిన్నె చుట్టూ చేరి, ఎవరి గడిలో వారు ముంచుకొనేవారట. బోటి కూర పుట్టిన తెలంగాణలో ఈ కథకు వ్యాఖ్యానం అక్కరలేదనుకొంటాను.

ఆ కూలీల కుండ కాలక్రమాన చైనా అంతటా వ్యాపించింది. దానితో పాటు ఎండుమిరప గిరాకీ పెరిగింది. ఇటీవలి సంవత్సరాలలో మన ఎండుమిరపను అత్యధికంగా కొంటున్న దేశం చైనా. ఘాటుకు పేరుపొందిన తేజ రకం అక్కడికి విరివిగా వెళుతుంది. మిరప సారం తీసే కర్మాగారాలకు కొంత, హాట్‌పాట్ మసాలా ముద్దల తయారీకి కొంత. ఖమ్మం, ఎనుమాముల మార్కెట్లలో తేజ ధర నిలబడటమూ పడిపోవటమూ ఆ గిరాకీతో ముడిపడిపోయింది. 2020 ఆరంభంలో కరోనా వల్ల చైనాలో భోజనశాలలు మూతపడి, ఎగుమతులు ఆగగానే ఇక్కడ ధర జారిపోయింది.

దీనికి మూడేళ్ళ ముందు, 2017 ఏప్రిల్ 28న, ధర పతనంతో రగిలిన రైతులు ఖమ్మం మార్కెట్ యార్డులో కార్యాలయం మీద విరుచుకుపడ్డారు. అరెస్టయిన పదిమంది రైతులను మే నెలలో చేతులకు సంకెళ్ళతో కోర్టుకు తెచ్చిన దృశ్యం చూసి రాష్ట్రమంతా నివ్వెరపోయింది. ఇక 2021-22 పంటకాలంలో నల్ల తామర పురుగు పూతలో చేరి తోటలకు తోటలనే మాడ్చింది. మహబూబాబాద్ జిల్లాలో మిరప రైతుల ఆత్మహత్యల వార్తలు వరుసగా వచ్చాయి. ఆ యేడు మా మామ తోట కూడా పోయింది. కౌలు పైకం మాత్రం కట్టవలసే వచ్చింది. ఆ విషయం ఆయన ఇప్పటికీ ఎక్కువగా మాట్లాడడు.

ఇదంతా చదివిన తరువాత, ఆయనకు జవాబు మాటల్లో కాక గిన్నెలోనే చెప్పాలనిపించింది. గడచిన మాఘమాసంలో ఒక ఆదివారం ముహూర్తం పెట్టాను.

మామ, మేనత్త కాయల సంచితో రైలు దిగారు. భూపాలపల్లిలో సింగరేణి కార్మికుడైన మా బావ, చెల్లె, పిల్లలు చపాట మిరపకాయలు తెచ్చారు. టమాటలా లావుగా, ఎర్రగా ఉండే ఈ కాయకు కారం తక్కువ, రంగు ఎక్కువ. వరంగల్ చపాట మిరప అన్న పేరున 2025లో భౌగోళిక గుర్తింపు పొందినది ఇదే. ఘాటుకు మానుకోట తేజ, రంగుకు భూపాలపల్లి చపాట, పొయ్యి జనగామది.

మేక బొక్కలను నాలుగు గంటలు సన్నని సెగ మీద మరగబెట్టి రసం తీశాను. మిరపకాయలను వేడినీళ్ళలో నానబెట్టి ముద్ద నూరి, పల్లీనూనెలోనూ కాస్త మేకకొవ్వులోనూ అల్లం, వెల్లుల్లి, దాల్చినచెక్క, అనాసపువ్వుతో కలిపి మాడకుండా వేయించాను. నాలుకను తిమ్మిరెక్కించే సిచువాన్ మిరియాలు హైదరాబాదు నుంచి తెప్పించాను. మటన్‌ను రెండు గంటలు గడ్డకట్టించి పలుచగా కోశాను; అలా చేయకపోతే కత్తికి లొంగదు. బోటి ముందుగానే కుక్కరులో ఉడికించి పెట్టాను. పుట్టగొడుగులు, బచ్చలి, చిలగడదుంప చక్రాలు, పన్నీరు, సేమ్యా పళ్ళేలలో సర్దాను. చైనావారు ఒకే పాత్రను రెండుగా చీల్చి, ఒకవైపు ఎర్రని పులుసు, మరోవైపు తెల్లని పులుసు పోసి దానికి దాంపత్యానికి గుర్తయిన బాతుల జంట పేరు పెట్టుకొన్నారు. మన కావ్యాల జక్కవల జంట వంటిదే అనుకోండి. అటువంటి పాత్ర నాకు దొరకలేదు. రెండు కరెంటు పొయ్యిల మీద రెండు గిన్నెలు పెట్టి, పిల్లలను తెల్ల పులుసు వైపు కూర్చోబెట్టాను.

చిక్కు వచ్చింది మేనత్తతో. "అందరం ఒక్క గిన్నెల ముంచుడా? ఎంగిలి గాదా?" అని ఆమె వెనక్కి జరిగింది. నవ్వి తోసేయదగిన ప్రశ్న కాదది. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలి, ఎవరు ముట్టినది ఎవరు తినాలి అన్న లెక్కలతోనే మన సమాజం చాలాకాలం నడిచింది. పన్నెండవ శతాబ్దంలో పలనాటి బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ కలిపి చాపకూడు పెట్టడం అంత పెద్ద సంగతి కావడానికి కారణమదే. నేను ముంచడానికి పొడుగు పిడుల జాలిగరిటెలు వేరుగా, తినడానికి చెంచాలు వేరుగా పెట్టానని చూపించాను. గరిటె నోటికి తగలదు, చెంచా గిన్నెలో మునగదు. పచ్చి మాంసం ముట్టిన గరిటెకు అది మరొక రక్ష కూడా. అత్త కాసేపు ఆలోచించి, కుర్చీ ముందుకు జరుపుకొంది.

మరిగే పులుసులో మామ మొదట బోటి ముంచాడు. వెల్లుల్లి కలిపిన నువ్వులనూనెలో అద్దుకొని తిన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కారానికే. "తిమ్మిరెక్కుతంది గని మంచిగనె ఉన్నది" అన్నాడు. తరువాత గరిటెతో పైన తేలుతున్న ఎండుమిరపకాయ ఒకటి పైకి తీసి, తొడిమ పట్టుకొని తిప్పి చూశాడు.

"గిది మన కాయనే. మరి గీ కాయలు తినరా?"

తినరని చెప్పాను. అక్కడ గిన్నె నిండా కాయలు పోస్తారు, పులుసుకు ఘాటూ రంగూ దిగాక అవి అలాగే మిగిలిపోతాయి, చివరికి పారబోస్తారని చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

"ఒక్కొక్క కాయ చేత్తోటి ఏరుతరు అల్లుడా కూలోళ్ళు" అన్నాడు ఆఖరికి. "పారబోస్తరంటే పాణం ఒప్పుతలేదు. గని పారబోస్తెనే మళ్ళ కొంటరు గద."

ఇన్ని పుస్తకాలు తిరగేసి నేను పట్టుకోలేకపోయిన మాటను ఆయన ఒక్క కాయను చూసి అన్నాడు.

ఆ రాత్రి భోజనం మూడు గంటలు సాగింది. బావ గని కబుర్లు చెప్పాడు. పిల్లలు సేమ్యా కోసం కొట్లాడుకొన్నారు. అంతా అయ్యాక గిన్నె కడగబోతుంటే మేనత్త నన్ను ఆపింది. జల్లిగిన్నెలో పులుసు వడగట్టి, మిగిలిన కాయలన్నీ ఏరి ఫ్రిజ్‌లో పెట్టింది. తెల్లవారి వాటిని రోట్లో వేసి, చింతపండు, ఉప్పు, వెల్లుల్లి చేర్చి తొక్కు నూరింది. జొన్నరొట్టెలతో అందరం తిన్నాము. తిరుగు ప్రయాణంలో మామ చేతిలో ఖాళీ సంచి, అందులో ఆ తొక్కు సీసా.