వేవిళ్ళేనా, విటమిన్ డి మితిమీరినదా?

నేను పదవీ విరమణ చేసిన తరువాత, శంషాబాదు విమానాశ్రయములో రాత్రి షిఫ్టులు చేసే ఒక గర్భిణి తల్లితో కలిసి మా ఇంటికి వచ్చినది. ఐదవ నెల వచ్చినా వాంతులు తగ్గలేదు. “వేవిళ్ళేనండీ, కొందరికి కాన్పు దాకా ఉంటాయి,” అన్నది తల్లి. గర్భిణులకు మలబద్ధకము మామూలే. రాత్రంతా చెంబులకొద్దీ నీళ్ళు త్రాగించే దాహము మాత్రము మామూలు కాదు. ఆరా తీస్తే, వారమునకొకటి వాడవలసిన 60,000 యూనిట్ల విటమిన్ డి పొట్లమును రెండు నెలలుగా రోజుకొకటి వాడినదని తెలిసినది. పాలలో కలిపి ఇచ్చినది తల్లే. 10.5 మిల్లీగ్రాములు దాటకూడని రక్తపు కాల్షియం 13 దాటినది.

ఈ విటమిన్ విషయములో వైద్యులమైన మేమూ భయానికీ, అత్యుత్సాహానికీ మధ్య ఊగినవారమే. 1950లలో బ్రిటనులో పాలపొడిలో, కాడ్ లివర్ నూనెలో విటమిన్ డి ఎక్కువై, కొందరు శిశువులకు కాల్షియం పెరిగి వాంతులు పట్టుకున్నాయి. అక్కడి ప్రభుత్వము మోతాదులు తగ్గించినది. 1961లో న్యూజిలాండు వైద్యుడు విలియమ్స్ బృహద్ధమని ఇరుకైన పిల్లలను వర్ణించగా, అనుమానము తల్లులు తీసుకున్న విటమిన్ డి మీదకు పోయినది. చూలు కుందేళ్ళకు అతిగా ఇస్తే పిల్లలకు అటువంటి లోపమే కనిపించినది. మా తరము ఆ భయముతోనే చదువుకున్నది. 1993లో తేలినదేమంటే, ఆ పిల్లలలో ఎలాస్టిన్ జన్యువు లోపించినది. తల్లుల తప్పేమీ లేదు.

బ్రిటను శిశువుల కథ మాత్రము వేరు. విటమిన్ డిని విరిచివేసే ఎంజైము కొందరిలో పుట్టుకతోనే లోపిస్తుందని 2011లో కనుగొన్నారు. అటువంటి స్త్రీలలో లోపము గర్భము ధరించినప్పుడే తొలిసారి బయటపడవచ్చు.

ఇంత ఎండ ఉన్న మన నేలపై లోటు ఎక్కువేనని తిరుపతి స్విమ్స్ పరిశోధనలు చూపాయి. అందువలన మందు అవసరమే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో పెద్దలకు రోజుకు 600 యూనిట్లు చాలునని, 4,000 దాటరాదని చెప్పినది. 60,000 పొట్లము లోటు తీర్చుటకు కొన్ని వారముల చికిత్స మాత్రమే.

అతి మోతాదు అండాశయమునో గర్భాశయమునో నేరుగా చెరుపుతుందని మనుషులలో గట్టి ఋజువు లేదు. కీడంతా కాల్షియం ద్వారానే: మూత్రపిండములలో రాళ్ళు, నీరసము, మందగించిన స్పృహ. కొవ్వులో నిలువ ఉండుట వలన మందు మానిన వెంటనే అది తగ్గదు. ఆమెకు సెలైను ఎక్కించి, కాల్షియం దిగుటకు వారములు పట్టినది.

తల్లి రక్తములోని అధిక కాల్షియం మాయ దాటి బిడ్డకు చేరి, బిడ్డ పారాథైరాయిడ్ గ్రంథులను నిద్రపుచ్చుతుంది. బొడ్డుత్రాడు కోయగానే ఆ సరఫరా ఆగి, కాల్షియం పడిపోయి బిడ్డకు మూర్ఛ రావచ్చు. అందుకే కాన్పు చేయబోయే వైద్యురాలికి ముందే చీటీ వ్రాసి ఇచ్చాను. పుట్టిన మొదటి రోజులలో బిడ్డ రక్తమును పలుమార్లు పరీక్షించారు.