బూజు పట్టిన పట్టు కథ

ఊరగాయ జాడీ మూత తీయగానే తెల్లగా బూజు కనిపిస్తే మన గుండె గుభేలుమంటుంది. వానాకాలంలో పట్టుచీర మీద కనిపిస్తే ఇక చెప్పనే అక్కర్లేదు. అదే బూజు పట్టుకు పుట్టిల్లయిన పురుగునే పట్టుకుంటే? సుమారు 200 ఏళ్ళ క్రితం ఇటలీలో జరిగింది అదే.

ఉత్తర ఇటలీ పల్లెల్లో అప్పుడు పట్టుపురుగుల పెంపకం ఇంటి పని. గుడ్లను చిన్న మూటగట్టి, ఆడవాళ్ళు రవికలో దాచుకుని ఒంటి వెచ్చదనంతో పొదిగించేవారు. బిడ్డల్లా సాకిన పురుగులు, ఓ తెల్లవారి చూస్తే, చచ్చి బిగుసుకుపోయి సున్నం పూసినట్టు ఉండేవి! గాలి చెడిందని కొందరూ, మేత చెడిందని కొందరూ తలో మాటా అనేవారు.

లోడి పట్టణం దగ్గర అగొస్తినో బస్సీ అనే ఆయన ఉండేవాడు. లా చదివాడు. చూపు మందగించి, పాపం, ఉద్యోగం మానుకుని పల్లె చేరాడు. 1807లో ఈ రోగం వెంట పడ్డాడు. రోగం దానంతటదే పుడుతుందనుకుని పురుగుల్ని ఎన్ని అవస్థలు పెట్టాలో అన్నీ పెట్టాడు. అవి చచ్చాయిగానీ తెల్లబడలేదు. ఏళ్ళు గడిచాయి, మనిషి కుంగిపోయాడు. అయినా వదల్లేదు. చివరికి చచ్చిన పురుగు మీది తెల్లపొడిని మంచి పురుగుకు తగిలించి చూశాడు. రోగం అంటుకుంది! ఆ పొడి సున్నం కాదు, ప్రాణమున్న బూజు తాలూకు విత్తనాలు.

1835లో పుస్తకం వేశాడు. కంటికానని జీవి ఒకటి జంతువుకు రోగం తెస్తుందని ప్రయోగంతో తేలడం అదే మొదలు. పాశ్చర్ పట్టుపురుగుల జోలికి వచ్చింది 1865లో. బస్సీ చెప్పిన వైద్యమేమిటో తెలుసా? సామాన్లు మరిగే నీళ్ళతో కడగండి, రోగం తగిలిన పురుగుల్ని వేరు చేయండి అని. మన వంటింటి శాస్త్రమే!

మరి పట్టుపురుగును చంపే బూజు పంట తినే పురుగును చంపదా? 1879లో ఒడెస్సాలో మెచ్నికోవ్ ఇంకో రకం ఆకుపచ్చ బూజును గోధుమల్ని తినే పెంకుపురుగుల మీద ప్రయోగించాడు. 1884లో స్మెలా అనే ఊళ్ళో క్రాసిల్షిక్ ఏకంగా కార్ఖానాయే పెట్టి, నాలుగు నెలల్లో 55 కిలోల బూజు విత్తనాలు తీశాడు.

ఈ బూజును పురుగు తినక్కర్లేదు. విత్తనం ఒంటిమీద పడి, కాస్త తేమ దొరికితే మొలకెత్తి, చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోతుంది. కొద్ది రోజుల్లో పురుగు సరి.

బస్సీ పేరు పెట్టుకున్న ఆ తెల్ల బూజే ఇవాళ బివేరియా బాసియానా అనే పేరుతో మన పురుగుమందుల కొట్లలోనూ దొరుకుతోంది. తెల్లదోమకూ, నల్లికీ చల్లుతారు. కానీ హిందూపురం వైపు మల్బరీ తోటల దగ్గర మాత్రం చల్లకూడదు. అక్కడది పాత శత్రువే!

ఒక చేనికి చుట్టం, పక్క ఇంటికి పగ. బూజుకేం తెలుసు? తెలుసుకోవలసింది మనమే. అలాగని ఊరగాయ మీది బూజును క్షమించమని మాత్రం నేను చెప్పను సుమండీ!