మేఘవరం తీరం, మూలపేట రేవు

2023 జులై చివర్లో శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం మేఘవరం తీరానికి చచ్చిన తిమింగలం ఒకటి కొట్టుకొచ్చింది. 25 అడుగుల నీలి తిమింగలమని పత్రికలు రాశాయి. నీలి తిమింగలమే అయితే అది పసికూన. ఆ జాతిలో అప్పుడే పుట్టిన పిల్లే దాదాపు అంత ఉంటుంది. అంతకు మూడు నెలల ముందు, ఏప్రిల్ 19న, అదే మండలంలోని మూలపేటలో ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. రేవు అప్పటికి లేదు గనుక ఆ చావును దానికి అంటగట్టలేం. అయినా రేవుతో ఓడలొస్తాయి కాబట్టి రెండు వార్తలనూ కలిపి చదవాల్సిందే.

తిమింగలాల రక్షణంటే మొదట్లో వేట మాన్పించడమే. మనకు 1972 వన్యప్రాణి చట్టం వచ్చింది. 1979లో అంతర్జాతీయ తిమింగలాల కమిషన్ హిందూ మహాసముద్రాన్ని, బంగాళాఖాతంతో సహా, అభయప్రాంతంగా ప్రకటించింది. 1986 నుంచి వాణిజ్య వేటపైనే కమిషన్ నిషేధం ఉంది.

ఓడలు గుద్ది తిమింగలాలు చనిపోతాయన్న సంగతి ఆలస్యంగా తెలిసొచ్చింది. తిమింగలం ఊపిరికి పైకి రాక తప్పదు. పెద్ద ఓడకు ఇంజినూ ప్రొపెల్లరూ వెనకుంటాయి. ముందువైపు చప్పుడు అంతగా వినిపించదు. మీదికొచ్చేదాకా జంతువుకు తెలియదు, గుద్దినా పైనున్న నావికుడికి తెలియకపోవచ్చు. 2003లో కెనడా ఫండీ అఖాతంలో ఓడల దారినే పక్కకు జరిపింది. 2008 డిసెంబరు నుంచి అమెరికా తూర్పు తీరంలో కొన్నిచోట్ల, కొన్ని నెలలపాటు, 65 అడుగులూ ఆపైన పొడవున్న ఓడలు 10 నాట్లు, అంటే గంటకు 18.5 కిలోమీటర్లు మించకూడదంది. మన పక్కనే శ్రీలంక దక్షిణాన నీలి తిమింగలాలు మేసేచోట, 2022లో ఎంఎస్‌సీ అనే నౌకా రవాణా కంపెనీ తన ఓడలను దాదాపు 15 నాటికల్ మైళ్లు దక్షిణంగా మళ్లించింది. చట్టం చెప్పి చేయించిన పని కాదది.

ఈ తీరంలో సముద్రజీవుల గొడవంటే ఇంతకాలం ఆలివ్ రిడ్లే తాబేళ్లదే. వలల్లో చిక్కి ఊపిరాడక చచ్చినవి ఏటా ఒడ్డుకు చేరుతూనే ఉన్నాయి. చేపల వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14దాకా ఉంటుంది. తాబేళ్లు గుడ్లు పెట్టే అదను అప్పటికి చాలావరకు దాటిపోతుంది; చేపల కోసం పెట్టిన తేదీలు మరి.

ఆ నిషేధమూ మరబోట్లకే, సరుకు ఓడలకు కాదు. మూలపేట తొలి దశ సామర్థ్యం ఏటా 2.35 కోట్ల టన్నులు. రేవుకొచ్చే ఓడలకు వేగపరిమితిని నిబంధనల్లో ఇప్పుడే రాసేస్తే తేలిక. రాకపోకలు మొదలయ్యాక తగ్గించమంటే కంపెనీలు ప్రతి గంటకూ లెక్క కడతాయి.