కాలువకు తూర్పున, పడమట

డెబ్బది యేండ్ల క్రిందట నెల్లూరు తీరమున బడికి పోయిన మా తరమువారికి చదువు అనగానే బల్లకట్టు రేవు జ్ఞప్తికి వచ్చును. సముద్రమునకును మాగాణి ఊళ్లకును నడుమ బకింగ్‌హాం కాలువ సాగిపోవును. దానికి తూర్పున పట్టపువారి పాళెములు, ఉప్పు కొఠారులు, సరుగుడు తోపులు, ఇసుక దిబ్బలు. పడమట పెన్న నీటితో మొలగొలుకులు పండెడి పొలములు, సంత, తపాలా కచేరి, బడి. పాళెముల పిల్లలు నీరు దాటి రావలెను. పడమటి ఒడ్డువారమైన మాకు ఆ పని లేదు. ఈ వ్యత్యాసము తెలిసినచో ఆనాటి మా బడి చరిత్రలో సగము తెలిసినట్లే.

ఆ కాలువకును ఒక చరిత్ర కలదు. 1806లో బాజిల్ కాక్రేన్ అను వర్తకుడు మద్రాసునుండి ఉత్తరముగా త్రవ్వించిన చిన్న కాలువ దీనికి మొదలు. క్రమముగా అది పెరిగినది. మా పెద్దలు ధాత కరువు అని చెప్పుకొన్న 1876–78 నాటి క్షామములో, కూలి కొరకు వచ్చిన వేలకొలది నిరుపేదలచేత దొరతనమువారు దీనిని మరల త్రవ్వించి, నాటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టిరి. పెదగంజాము మొదలు మరక్కాణము వరకు సుమారు 420 కిలోమీటర్లు. త్రవ్వినవారి పేర్లు మాత్రము ఎక్కడను లేవు. గవర్నరు పేరు మాత్రము మా భూగోళ పాఠములో ఉండెడిది. దానిని తప్పుగా పలికినందుకు బెత్తపు దెబ్బలు తిన్నవారు మాలో చాలమంది.

తరగతి కిటికీనుండి పడవలు కనబడెడివి. ఉప్పు, ధాన్యము, శ్రీహరికోట అడవుల వంటచెరకు మద్రాసునకు పోవుచుండెను. గాలి అనుకూలించిన తెరచాప, లేనిచో ఒడ్డున తాడు భుజమున వేసికొని లాగెడి మనుష్యులు. మేము ఎక్కములు అప్పగించుచు పడవలు లెక్కించెడివారము. ఏ లెక్క తప్పెడిదో చెప్పనక్కరలేదు.

బడిలో చేర్చుకొనునపుడు పుట్టిన తేదీ వ్రాయుట ఒక విచిత్రమైన తంతు. తల్లిదండ్రులకు తేదీలు తెలియవు. తమ వయసును 1927 నాటి పెద్ద గాలివానతో ముడిపెట్టి చెప్పెడివారు. పిల్లల వయసును ఏ పంటతోనో, ఏ పెండ్లితోనో చెప్పెడివారు. అయ్యవారు కొంత యోచించి జూలై 1 అని వ్రాసెడివారు. ఉద్యోగములు చేసినవారు ఆ కల్పిత జన్మదినముతోనే పదవీ విరమణ పొందిరి. 1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రము ఆరంభమైన పిమ్మట, పంచాయతీ రేడియో వచ్చిన ఊళ్లలో కార్తిక మాసపు వాయుగుండపు హెచ్చరికలు చెవిని పడసాగెను. అంతకుముందు ఆకాశపు రంగే ఆధారము.

ఒకటవ తరగతిలో పాళెముల పిల్లలు పదిమందికి తక్కువ లేరు. అయిదవ తరగతికి వచ్చుసరికి ఇద్దరు మిగిలిరి. వారు మందమతులు కారు. చుక్కలను బట్టి దిక్కు చెప్పుటలో, పోటు పాటుల వేళలు నోటితో లెక్కకట్టుటలో మాకు గురువులు. కాని వేకువన వేటకు పోయిన తెప్పలు ఒడ్డు చేరునది బడి గంట కొట్టెడి వేళకే. వల లాగుటకు, చేపలు విడదీయుటకు ప్రతి చేయియు కావలెను. వారము దినములు రానివాని పేరు పట్టికలో నుండి కొట్టివేయబడును.

1953 జూన్‌లో మద్రాసు ముఖ్యమంత్రి చక్రవర్తి రాజగోపాలాచారిగారు గ్రామ ప్రాథమిక పాఠశాలలలో కొత్త పద్ధతి ప్రవేశపెట్టిరి. మా జిల్లా అప్పటికి మద్రాసు రాష్ట్రములోనిదే. ఆంధ్రరాష్ట్రము అక్టోబరు 1న ఏర్పడెను. ఆ పద్ధతి ప్రకారము పిల్లవానికి దినమునకు మూడు గంటలే బడి. తక్కిన వేళ ఇంటి వృత్తి నేర్చుకొనవలెను. ఉన్న గదులతో, ఉన్న ఉపాధ్యాయులతో రెట్టింపు పిల్లలకు చదువు చెప్పవచ్చునని సమర్థించినవారి వాదము. ప్రతిపక్షులు దానిని కులవిద్య అనిరి. 1954లో మద్రాసు ప్రభుత్వమే దానిని విరమించుకొన్నది. మా తీరము మట్టుకు చూచినచో ప్రతిపక్షుల మాటయే సత్యమునకు దగ్గర అని మా అభిప్రాయము. ఏలయన, ఏ ఉత్తరువు లేకయే ఆ పద్ధతి పాళెములలో తరతరములుగా అమలులో ఉండెను. రైతుబిడ్డ పొలమునకు పోయి తిరిగి వచ్చెడివాడు. వలకు పోయినవాడు తిరిగి రాలేదు.

హరిజన బాలురకు నీరు దాటెడి శ్రమ లేకున్నను, మంచినీటి కుండ దూరమే. పేరు చెప్పనొల్లము గాని, ఒక బడిలో వారు దోసిలి పట్టగా పైనుండి పోసెడివారు. పొట్టి శ్రీరాములుగారు 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి ఆలయ ప్రవేశము కొరకు ఉపవసించిన జిల్లా ఇది. అస్పృశ్యతను నేరముగా శిక్షించెడి కేంద్ర చట్టము 1955లో వచ్చెను. కుండ దగ్గరకు అది చేరుటకు మరికొన్ని యేండ్లు పట్టెను.

1957 ఏప్రిల్ 1న నయాపైసలు రాగా, ఊరిలో బడిపిల్లలకు ఒక్కమారుగా గౌరవము హెచ్చెను. అణాకు ఆరు, రెండణాలకు పండ్రెండు, మూడణాలకు పందొమ్మిది, నాలుగణాలకు ఇరువదియైదు. చేపలమ్ము స్త్రీలు సంతలో మమ్ము పిలిచి లెక్క వేయించుకొనెడివారు. అణా బేరముపై పావు పైస పోవుచున్నదని వారు మాకంటె ముందే పసిగట్టిరి.

ఇక ఆడపిల్లల మాట. పొట్లపూడి కోడలైన పొణకా కనకమ్మగారు తాము బడికి పోయి చదువకపోయినను, 1923లో నెల్లూరున కస్తూరిదేవి విద్యాలయమును స్థాపించిరి. 1929లో గాంధీమహాత్ముడు దాని భవనమునకు శంకుస్థాపన చేసెను. ఆ పేరు మా ఇండ్లలో గౌరవముతోనే పలికెడివారు. కాని పట్టణమున బంధువులు లేనివారి కుమార్తెకు అది అందని పండు. అయిదవ తరగతి ముగియగానే పిల్లను ఇంట నుంచెడివారు. మాతోపాటు హైస్కూలు చదువు ముగించినవారిలో మా వైపు ఆడపిల్లలు ఇద్దరే.

1965, 1966 తుపానులలో కాలువ బాగుగా దెబ్బతినెను. అటుపై లారీలు హెచ్చి పడవలు తగ్గెను. వంతెనలు వచ్చెను, బల్లకట్లు పోయెను, పాళెములలోనే బడులు తెరచిరి. రాష్ట్రమంతటను బడిలో మధ్యాహ్నము వండిన అన్నము పెట్టుట 2003లో గాని మొదలు కాలేదు.

ఆ ఇద్దరు ఆడపిల్లలలో ఒకరు ఉపాధ్యాయిని అయి, తూర్పు ఒడ్డున పాళెపు బడికి తామే అడిగి బదిలీ చేయించుకొనిరి. అక్కడ ఆమె హాజరు పట్టిక తెరచునది పది గంటలకు గాదు, తెప్పలు వచ్చి, వలలు ఆరవేసిన తరువాత. తనిఖీకి వచ్చినవారు రెండుమారులు సంజాయిషీ అడిగిరి. ఆమె రెండుమారులును వ్రాసి యిచ్చిరి. హాజరు వేళ మార్చలేదు.